బాటనీ టీచరింట్లో రెండు పిల్లులు

మా అత్తమ్మకు పిల్లులంటే అస్సలు పడదు. పిల్లులు మా ఇంటికి వచ్చేదాకా ఆమె కూడా అలాగే అనుకుంది.

ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడు, శంషాబాద్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకుని దిగాం. మా ఆయనకు ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు ఉద్యోగం. నేను ఊళ్ళోని జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. అత్తమ్మ పుట్టిందీ మెట్టిందీ ఎయిర్‌పోర్టు కింద పోయిన ఊళ్ళోనే. కొత్త ఇంటికి ఆమె సామాను కంటే ముందు వచ్చింది ఒక ఎర్ర గన్నేరు కొమ్మ. పాత ఇంట్లో బావి పక్కనుండే చెట్టుది. తడి గోనెసంచిలో చుట్టి, ట్రాక్టరులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. గేటు పక్క మూలలో గుచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అది ప్రహరీ దాటి వీధిలోకి తొంగిచూసింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బుట్టెడు పూలు కోసి, శివుడి పటానికి పెట్టిందాకా ఆమె చాయ్ కూడా ముట్టదు.

నాకూ మొక్కల పిచ్చి తక్కువేం కాదు. కాకపోతే నాది చదువుకున్న పిచ్చి. మొక్క పేరు అడిగితే రెండు పేర్లు చెబుతాను, ఒకటి లాటిన్‌లో. పైగా ముక్కు మీద కోపం. ఎవరైనా నేను చెప్పింది తప్పంటే, పుస్తకం తెచ్చి పేజీ తెరిచి చూపించిందాకా నాకు అన్నం సయించదు. మా ఆయన నాతో వాదించడం పెళ్ళయిన ఏడాదికే మానేశాడు. అత్తమ్మ మాత్రం మానలేదు.

మూడో ఏడు వానాకాలంలో, మెట్ల కింద గదిలో నేను దాచిన పాత ఆన్సర్ పేపర్ల కట్టల మీద ఎక్కడి పిల్లో వచ్చి ఈనింది. పిల్లలకు కాస్త కాళ్ళు వచ్చాక తల్లి ఎటో వెళ్ళిపోయింది. రెండు పిల్లలు మిగిలాయి. ఒకటి ఎర్రది, ఇంకోటి తెలుపు మీద నల్ల మచ్చలది. రెండూ ఫెయిలైన పిల్లల పేపర్ల మీద పడుకుని పెరిగాయి కాబట్టి వాటికి చదువు అబ్బదని ముందే అనుకున్నాను.

"బర్రెలు కాసిన ఇల్లు మాది. పిల్లి అంటే పాల దొంగ. ఇగ దాన్ని ఇంట్లకు రానిచ్చుడేంది? ఎల్లగొట్టు," అంది అత్తమ్మ.

వారం తర్వాత కాలేజీ నుంచి వచ్చేసరికి, ఆమె మెట్ల మీద కూర్చుని ఆ రెంటికీ పాలబువ్వ పిసికి పెడుతోంది.

"ఏంది అత్తమ్మా గిది?" అన్నాను.

"ఒకటే తీర్గ ఒర్లుతున్నయ్. చెవులు పోతున్నయ్. గందుకే," అంది, నా మొహం చూడకుండా.

పేర్లు పెడదామంటే ఒప్పుకోలేదు. పిల్లికి పేరేంది, పిల్లే దాని పేరు అంది. దాంతో ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది అయిపోయాయి. మచ్చలది ఎవరి జోలికీ పోని మహారాణి. ఎర్రది మాత్రం అత్తమ్మకు తోక. ఆమె వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, పెరట్లోకి వెళితే పెరట్లోకి, కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగేది. సాయంత్రాలు ఇద్దరూ మిద్దె మీదికి ఎక్కేవాళ్ళు. ఆమె ఎండిన మిరపకాయలు ఎత్తుతూ, తల మీదుగా దిగే విమానాన్ని దానికి చూపించేది. "గది చూడు, మన జొన్న చేన్ల దిగుతుంది," అనేది. ఎర్రది చెవులు నిక్కబొడుచుకుని చూసేది. ఆ ఇద్దరి ముచ్చట్లు వినడానికి నేను పేపర్లు దిద్దుకుంటానని వంక పెట్టి మిద్దె మెట్ల మీద కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో నేను దిద్దిన పేపర్లలో మార్కులు కాస్త ధారాళంగానే పడ్డాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అలా హాయిగా సాగుతుండగా ఒక ఆదివారం నేను క్వార్టర్లీ పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చేస్తున్నాను. 'విషపూరితమైన అలంకరణ మొక్కలకు నాలుగు ఉదాహరణలు రాయుము' అని ఒక ప్రశ్న వేశాను. కింద జవాబు కూడా రాయాలి. గన్నేరు అని రాశాను. ఉమ్మెత్త రాశాను. లిల్లీ రాశాను. నాలుగోదాని కోసం పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూశాను. బయట నా అడీనియం కుండీల వరసలో, బొద్దు కాండాల మధ్య, ఎర్రది వెల్లకిలా పడుకుని ఒక రాలిన పువ్వును రెండు కాళ్ళతో పట్టుకుని ఆడుకుంటోంది.

నాలుగో జవాబు అడీనియం. రాసిన జవాబుల్లో ఉమ్మెత్త తప్ప మిగతావన్నీ మా ప్రహరీ లోపలే ఉన్నాయి. పాతికమంది పిల్లలకు ప్రతి ఏటా బోర్డు మీద రాసే సంగతి, నా వాకిట్లో నాకు కనబడలేదు.

మర్నాడు కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుని, పిల్లులకు పడని మొక్కలేవో చదివాను. మా ఆయన హైవే మీది నర్సరీ నుంచి మోజుపడి తెచ్చిన సైకస్ పడదు. హాల్లో డంబ్ కేన్ పడదు. సీసాలో మనీ ప్లాంటు పడదు. లిల్లీ అయితే పుప్పొడి ఒంటికి అంటి, అది నాక్కున్నా కష్టమే. మందారం, మల్లె, గులాబీ పరవాలేదు. ఆ మూడూ మా ఇంట్లో లేవు.

ఆ వారమంతా ఇల్లు యుద్ధభూమి. లిల్లీ కుండీలు పిల్లులు లేని ఒకరింటికి, డంబ్ కేన్ కాలేజీ ఆఫీసు గదికి వెళ్ళాయి. సైకస్ రెండూ మా ఆయన కళ్ళ ముందే కాలేజీ గేటుకు కాపలాకు వెళ్ళాయి. ఆయన ఒక్క నిట్టూర్పు విడిచి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మనీ ప్లాంటును దూలానికి వేలాడదీశాను. ఆ సాయంత్రమే మచ్చలది కిటికీ నుంచి ఎగిరి దాన్ని పట్టుకుని ఉయ్యాలూగింది. దాన్నీ పంపేశాను. నా అడీనియంలు ఎనిమిదీ, పదేళ్ళుగా పిల్లల్లా పెంచుకున్నవి, మైలార్‌దేవ్‌పల్లిలో మా అమ్మ ఇంటికి తరలించాను. ఆటోలో వాటి మధ్య కూర్చుని ఏడ్చినంత పని చేశాను. నా త్యాగం అయిపోయింది కాబట్టి ఇక ఇతరుల త్యాగం అడిగే హక్కు నాకు వచ్చేసిందని కూడా ఆ ఆటోలోనే అనుకున్నాను.

ఇంటికొచ్చి అత్తమ్మ ముందు నిలబడ్డాను. "ఇగ గన్నేరు ఒక్కటే మిగిలింది," అన్నాను.

"మిగలనీ."

"అది అన్నిట్ల పెద్ద విషం అత్తమ్మా. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. కొట్టేయాలె."

ఆమె చాట కింద పెట్టింది. "నాకు చెప్తున్నవా? గన్నేరు విషమని నాకు తెల్వదా? మా చెరువు కట్ట మీద గన్నేర్లే ఉండె. మేకలు ముట్టకపోవు, బర్రెలు ముట్టకపోవు. నోరులేని జీవికి ఏది తినొచ్చో ఏది తినొద్దో ఎరుకుంటది. మనకే ఎరుకుండదు. పిల్లి ఎప్పుడన్న గన్నేరు ఆకు కొరికిందా? నువ్వు చూసినవా?"

చూడలేదు. కానీ చూడలేదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. పుస్తకం తెచ్చాను, పేజీ తెరిచాను. ఆమెకు చదవడం రాదని ఇద్దరికీ తెలుసు, అయినా తెరిచాను. ఇప్పుడు తలచుకుంటే అదే నాకు సిగ్గు. ఆమె పుస్తకం వైపు చూడనైనా చూడకుండా, "నా చెట్టు జోలికి రాకు," అని లోపలికి వెళ్ళింది.

మూడు రోజులు మాటల్లేవు. మాటల్లేవంటే నేరుగా లేవు. ఎర్రది మధ్యవర్తి. "ఓ పిల్లీ, మీ పంతులమ్మకు చెప్పు, బువ్వ సల్లారిపోతుందని," అని వంటింట్లోంచి వినబడేది. "మీ అవ్వకు చెప్పు, వస్తున్నానని," అని నేను. ఎర్రది ఇద్దరినీ చూసి ఆవులించేది.

నాలుగో రోజు రాజీ కుదిరింది. చెట్టు ఉంటుంది. చుట్టూ నడుమెత్తు ఇనుప జాలీ వస్తుంది. రాలిన ఆకూ పువ్వూ ఎప్పటికప్పుడు అత్తమ్మే ఊడ్చేస్తుంది. ఇక ఒక్క చిక్కు మిగిలింది. దేవుడికి పెట్టి తీసేసిన పూలు. వాటిని తొక్కకూడదు, చెత్తలో వేయకూడదు. ఊళ్ళో ఉన్నప్పుడు అత్తమ్మ వాటిని బావి కాలవలో వదిలేది. కాలనీలో బావీ లేదు, కాలవా లేదు. తులసికోట మొదట్లో పోస్తుంటే, పిల్లులు అక్కడే దొర్లుతున్నాయి.

దానికి ఉపాయం కనిపెట్టింది నేనే. మెట్ల కింద నీడలో ఒక వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టించాను. నిండా నీళ్ళు. నిర్మాల్యం అందులో వేయాలి. వారానికోసారి నేనే తీసి పెరటి గుంటలో పోస్తాను. పూలు కాళ్ళ కింద పడవు, పిల్లులు వాటి మీద దొర్లవు, నీళ్ళలో ఉన్న పువ్వును ఏ పిల్లీ ముట్టదు. అత్తమ్మ తొట్టి చుట్టూ తిరిగి చూసి, "మంచిగుంది. కాలవ లెక్కనే ఉంది," అంది. ఆమె నన్ను మెచ్చుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి నేను పొంగిపోయాను. మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఈ తొట్టి గురించి అరగంట చెప్పాను. ఒకావిడ తన పుట్టింట్లో కూడా పెట్టిస్తానంది.

వాన వెలిసింది, దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. ఇల్లు చల్లగా ఉంది. పిల్లులు రెండూ బలిశాయి. కార్తీకం వచ్చేసరికి అత్తమ్మ పూజ రెండింతలైంది. పొద్దున ఒక బుట్ట, సాయంత్రం ఒక బుట్ట. తొట్టిలో నీళ్ళు కనబడనంతగా ఎర్రగా గన్నేరు పూలు. చూడ్డానికి ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. మా ఆయన దాన్ని ఫోన్‌లో ఫోటో కూడా తీశాడు.

ఆ నెలలో ఒక సోమవారం, అత్తమ్మ ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినదు. తలస్నానం చేసి, తడి చీరతో పూజకు కూర్చుంది. పూజకు కూర్చుంటే ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు, పిల్లి సరే సరి. నేను కాలేజీకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. పొద్దున పాలకు మచ్చలది ఒక్కటే వచ్చింది. ఎర్రది రాలేదు. అది పాలకు రాకపోవడం అంటే సూర్యుడు రాకపోవడమే.

మెట్ల దగ్గర కనబడింది. నోటి నుంచి తీగలా చొంగ కారుతోంది. ముందు కక్కినట్టు నేలంతా తడి. నన్ను చూసి లేవబోయి, రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. నేను అరిచిన అరుపుకు అత్తమ్మ హారతి పళ్ళెం అక్కడే వదిలేసి వచ్చింది. మడి లేదు, పూజ లేదు. తడి చీరతోనే నేల మీద చతికిలబడి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "బిడ్డా, లే బిడ్డా, ఏమైంది బిడ్డా," అంటోంది. నన్ను ఎప్పుడో మంచి మూడ్‌లో ఉన్నప్పుడు పిలిచే పిలుపు అది.

మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. వీధి చివర ఆటో పట్టుకున్నాం. ఎర్రదాన్ని పూల బుట్టలో పాత తువ్వాలు వేసి పడుకోబెట్టాం. ఆ ఆటోలో నేను అన్న మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది. "చెప్తే విన్నారా? కొట్టేయమంటే కొట్టనిచ్చారా? ఇప్పుడు చూడండి." మామూలుగా ఇంట్లో ఆమె భాషే మాట్లాడతాను. కోపం వస్తే మాత్రం నాకు పుస్తకాల భాష వస్తుంది. అత్తమ్మ బుట్టలో చెయ్యి పెట్టి దాని కడుపు మీద ఆనించి, ఊపిరి ఉందా లేదా చూసుకుంటోంది.

ఊళ్ళోని పశువుల దవాఖానకు పిల్లిని తెచ్చేవాళ్ళు తక్కువ. వాకిట్లో ఒక బర్రె కట్టేసి ఉంది. డాక్టరు నడివయసు మనిషి, చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. దవాఖానలోకి వచ్చి ఎర్రదాని గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. "గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంది," అన్నాడు. "ఇంటి కాడ గన్నేరుందా?"

అత్తమ్మ గుక్కపట్టి ఏడ్చింది. నేను గబగబా చెప్పాను. ఉంది, కానీ జాలీ కట్టాం, రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఊడుస్తాం, ఇది చెట్టు ముట్టగా ఒక్కసారీ చూడలేదు.

"తినాల్నని ఏం లేదు మేడమ్. నీళ్ళేడ తాగుతది?"

నేను దాని గిన్నె గురించి చెప్పబోయాను. స్టీలు గిన్నె, రోజూ రెండుసార్లు మారుస్తాను. అంతలో అత్తమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ అంది. "గిన్నెల నీళ్ళు అది ఎన్నడు ముట్టింది సారూ? పూల తొట్ల తాగుతది. పొద్దుగాల, మాపు అండ్లనే మూతి పెడ్తది. దేవుని పూల నీళ్ళు గద, తీర్థం లెక్క, మంచిదే అనుకున్న."

డాక్టరు తల పట్టుకున్నాడు. గన్నేరు నానిన నీళ్ళు కూడా విషమేనని, కిందటేడు ఒక దూడ అలాగే పోయిందని చెప్పాడు. ఆకు ముట్టదని అత్తమ్మ చెప్పింది నిజం. చెట్టు విషమని నేను చెప్పింది నిజం. ఆ చెట్టు విషాన్ని ఊరబెట్టి, పిల్లి మూతికి అందే ఎత్తులో, నీడలో, చల్లగా అమర్చి పెట్టింది నేను. మొక్కలోని విషం నీళ్ళలోకి దిగుతుందని నేను క్లాసులో చెప్పే పాఠమే.

"ఎవరు పెట్టిన్రు ఆ తొట్టి?" అన్నాడు డాక్టరు.

"నేనే," అంది అత్తమ్మ.

నేను ఊపిరి తీసుకునేలోపే అనేసింది. "నేనే పెట్టిన సారూ. సదువు లేనిదాన్ని. నాకేం తెల్సు?"

ఆయన చీటీలో నేను రాయించిన ఉద్యోగం చూసి నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పాలె గద మేడమ్. కాలేజీల బాటనీ చెప్తరంట."

నేను తలూపాను. అవునన్నట్టు, చెప్పాల్సింది అన్నట్టు. ఎన్నో ఏళ్ళు గడిచాయి, ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆయన చేయాల్సినవన్నీ చేశాడు. బొగ్గుపొడి నీళ్ళలో కలిపి సిరంజీతో కొద్దికొద్దిగా పట్టించాడు. సెలైన్ ఎక్కించాడు, గుండెకు ఇంజెక్షన్ ఇచ్చాడు. మేము దవాఖాన వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నాం. పక్కన బర్రె నెమరేస్తూ మమ్మల్ని చూస్తోంది. నాలుగింటికి ఆయన మళ్ళీ గుండె విని, ఇప్పుడు కాస్త నయం, రేపటిదాకా కనిపెట్టుకుని ఉండండి, నాలుగో రోజు మళ్ళీ తీసుకురండి అన్నాడు.

చుక్క పొడిచాక ఒక్కపొద్దు విడవాలి. ఆ రోజు అత్తమ్మ విడవలేదు. అది నీళ్ళు ముట్టిందాకా నేను ముట్టనంది. మంగళవారం తెల్లారి నేను వంటింట్లో పాలు కాచి, దించి, ఎర్రదాన్ని చూసొద్దామని ముందు గదిలోకి వెళ్ళాను. బుట్ట ఖాళీ. అంతలో వంటింట్లో గిన్నె దబ్బున పడిన శబ్దం. ఉరికాను. పాలన్నీ గట్టు మీద, నేల మీద. మధ్యలో ఎర్రది, కాళ్ళు ఇంకా వణుకుతుండగా, తల వంచుకుని నాకుతోంది.

"పాల దొంగ!" అని అత్తమ్మ గుమ్మంలోంచి కేక పెట్టింది. నా పెళ్ళిలో కూడా ఆమె మొహం అంత వెలగలేదు. "నా పాల దొంగ లేచింది! ఓ కోడలు పిల్లా, సప్పుడు చెయ్యకు, తాగనీ!" ఇద్దరం పాలల్లో నిలబడి అది తాగడం చూశాం. మచ్చలది కూడా వచ్చి తన వాటా తను తీసుకుంది. ఆ తర్వాత అత్తమ్మ అదే వంటింట్లో, నేల మీద కూర్చుని, చాయ్‌లో రొట్టె ముంచుకుని తింది. షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన పాల మడుగునూ, నవ్వుతున్న మా ఇద్దరినీ చూసి, తుడిచే గుడ్డ తెచ్చాడు.

ఆ రోజే గడ్డపార తీసుకుని తొట్టిని నా చేతులతో పగలగొట్టాను. నాలుగు దెబ్బలకు పగిలింది కానీ నేను పది వేశాను. పెరటి గుంటను ఇంకా లోతు చేసి, మీద బండ కప్పించాను. ఇకనుంచి నిర్మాల్యం అందులోకే. బుధవారం కాలేజీ నుంచి వచ్చేసరికి గేటు పక్క మూలంతా వెలుగు. గన్నేరు లేదు. నేను అడగలేదు, ఎవరూ అడగలేదు. అత్తమ్మే మనిషిని పిలిపించి వేరుతో సహా తవ్వించింది. గన్నేరు కట్టె పొగ కూడా మంచిది కాదని కాల్చనివ్వలేదు. కొమ్మలన్నీ సాతంరాయి దిక్కున్న మా రెండెకరాల చేనుకు పంపి, కంచె వెంబడి గుచ్చించింది. అక్కడ పిల్లులుండవు, మేకలు ముట్టవు. ఖాళీ అయిన మూలలో అప్పటికే ఒక మందారం అంటు నాటి ఉంది.

"అత్తమ్మా, అది మీ పాత ఇంటి చెట్టు..." అన్నాను.

"శివయ్య మందారం వద్దంటడా ఏంది?" అంది. అంతే. నేను లోపలికి వెళ్ళిపోయాను.

చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. పక్కింటావిడ పరామర్శకు వస్తే, "నాకు తెల్వక తొట్టి పెట్టిన. మా పంతులమ్మ ఉండబట్టి దవాఖానకు ఉరికినం, బతికింది," అని అత్తమ్మ చెబుతుంటే లోపల గదిలో పేపర్లు దిద్దుతూ విన్నాను. పెన్ను కదల్లేదు. లేచి వెళ్ళి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎవరు తప్పన్నా పుస్తకం తెచ్చే మనిషిని, నా తప్పు చెప్పడానికి గడప దాటలేకపోయాను. స్టాఫ్ రూమ్‌లో ఆ తొట్టి గొప్ప విన్నావిడకు మాత్రం, పుట్టింట్లో అలాంటిది పెట్టొద్దని గట్టిగా చెప్పాను. ఎందుకని అడిగితే బెల్లు మోగిందన్నాను.

నాలుగో రోజు మళ్ళీ దవాఖానకు వెళ్ళాం. ఎర్రది ఈసారి బుట్టలో ఉండనంది. ఆటోలో అత్తమ్మ భుజం మీదెక్కి, రోడ్డు మీద వెళ్ళే ప్రతి బస్సునూ చూస్తూ వచ్చింది. డాక్టరు గుండె విని, "గట్టి పిండం," అని నవ్వాడు. తర్వాత అత్తమ్మ వైపు వేలు చూపించి, అక్కడున్న నలుగురూ వినేలా అన్నాడు. "ఏం ముసలమ్మా, మళ్ళ తీర్థమని విషం నీళ్ళు తాపుతవా? మీ తెలివితక్కువతనానికి జీవాలు చావాల్నా?"

ఆయన మంచివాడే. మందలింపులో కూడా నవ్వుంది. అత్తమ్మ మాత్రం తల వంచుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, "తప్పయింది సారూ," అంది. నా ఇంట్లో నాతో ఒక్క మాటలో కూడా ఓడని మనిషి. పుస్తకం చూపిస్తే మొహం తిప్పుకున్న మనిషి.

"తొట్టి పెట్టింది ఆమె కాదు డాక్టరు గారూ," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినబడింది. "నేను. ఉపాయం నాది, తొట్టి నాది, నీళ్ళు పోసింది నేను. మొన్న ఆమె అబద్ధం చెబితే తలూపింది కూడా నేనే."

బర్రెకు సూది వేయించుకోవడానికి వచ్చిన రైతు తలపాగా సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు. డాక్టరు స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "బాటనీ మేడమ్ కదా," అని మాత్రం అన్నాడు. నేనూ, "అవునండీ, బాటనీనే," అన్నాను. దానికి ఆయన ఇంక ఆపుకోలేక నవ్వాడు. నాకు అంతకంటే శిక్ష అక్కర్లేదనిపించింది, అంతకంటే హాయీ అక్కర్లేదనిపించింది.

ఆటో ఎక్కామో లేదో అత్తమ్మ మూతి ముడిచింది.

"మొన్న నువ్వు తలూపినవ్ చూడు, గప్పుడు నాకు ఎంత నిమ్మలమైందో. ఇయ్యాల ఏమైంది నీకు? ఆయన బిడ్డ వచ్చే ఏడు నీ కాలేజీలనే చేరుతదంట, ఎరుకేనా? నీ ఇజ్జత్ నేను కాపాడుకుంట వస్తే, నువ్వే పోయి నలుగురి ముంగట పారబోస్తివి."

"మరి మీ ఇజ్జత్ అత్తమ్మా?"

"నాదేముంది?" అంది, ఎర్రదాని వీపు నిమురుతూ. "నాకు తెల్వదని అందరికి ఎరుకే. తెల్వనోళ్ళ తప్పు జల్ది మాఫ్ చేస్తరు బిడ్డా. సదువుకున్నోళ్ళది చెయ్యరు."

ఆటోలో, మధ్యాహ్నం ఎండలో, హైవే మీద, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడ్వకు. పిల్లి పరేషాన్ అయితది," అని ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగు నిండా ఎర్రటి బొచ్చు. అది ముక్కులోకి పోయి నేను వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. ఎర్రది హడలిపోయి ఒక్క గెంతులో ఆటో డ్రైవరు భుజం మీద వాలింది. ఆయన కెవ్వుమని బ్రేకు వేశాడు. ఆటో రోడ్డు పక్కన ఆగింది. ఆయన భుజం మీది పిల్లిని వలిచి తీయడానికి అత్తా కోడళ్ళం ఇద్దరం చెరోవైపు నుంచి దిగాం. నవ్వు ఆపుకోలేక ఇద్దరికీ చేతులు ఆడలేదు.